బెల్టుకూ అన్వయమున్నది

అన్వయం తప్పితే పదాలన్నీ ఉండి కూడా పద్యం అర్థం చెడుతుందని ముప్పది మూడేండ్లు పిల్లలకు చెప్పాను. కారు ఇంజను బెల్టుకూ అదే న్యాయం వర్తిస్తుందని పదవీ విరమణ చేసిన చాలా యేండ్లకు గాని నాకు తెలియలేదు.

గత వేసవిలో మా అబ్బాయి కారులో రాజమండ్రి నుండి విశాఖపట్నం బయలుదేరాము. బెల్టు కీచుమంటున్నదని ముందురోజే ఒక షెడ్డులో కొత్తది వేయించాడు. చప్పుడు ఆగింది. తుని సమీపించేసరికి వేడిని చూపే ముల్లు ఎర్రగీత వైపు పోసాగింది. మిట్టమధ్యాహ్నం, వెనుక సీటులో మా ఆవిడ, ఆరేళ్ల మనుమరాలు. అబ్బాయి వెంటనే ఇంజను ఆపాడు గనుక సరిపోయింది. మరికొంత దూరం పోనిచ్చి ఉంటే సిలిండరు హెడ్డు వంకరపోయేదేమో!

రోడ్డు పక్క షెడ్డు నుండి ముప్పయ్యేళ్ల మెకానిక్కు ఒకతను వచ్చాడు. నీళ్లు ఎక్కడా కారలేదని చూసుకున్నాడు. తరువాత బెల్టు వెంట గాలిలో వేలితో గీత గీస్తూ పోయి ఒకచోట ఆగి, "పంపు వెనక్కి తిరుగుతోందండీ బాబాయిగారూ!" అన్నాడు.

పాత అంబాసిడరులో ఈ చిక్కు లేదు. క్రాంకు షాఫ్టుది, ఫ్యానుతో కూడిన నీటి పంపుది, డైనమోది, మూడే గిలకలు. వాటి చుట్టూ త్రికోణంగా ఒక వి-బెల్టు. ఎవరు వేసినా అదే దారి. డైనమో బోల్టులు సడలించి, దానిని వెలుపలికి లాగి, బొటనవేలితో బెల్టును నొక్కితే అరంగుళం దిగేటట్లు బిగిస్తే పని ముగిసేది. నేటి కార్లలో చాలావాటికి పొడవాటి బెల్టు ఒక్కటే ఉంటుంది. దాని లోపలివైపు చేనిగట్ల వంటి గట్లు, వీపు నున్నన. ఆల్టర్నేటరును, ఎ.సి. కంప్రెసరును, కొన్నింటిలో నీటి పంపును కూడ అదే తిప్పాలి. గాడులున్న గిలకను గట్ల వైపుతోను, నున్నని గిలకను వీపుతోను ఒరసుకొంటూ పాములా మెలికలు తిరుగుతుంది. వీపు తగిలిన గిలక ఎదురు దిశలో తిరుగుతుంది. మా చిన్ననాటి పిండిమరలో బెల్టును ఎనిమిది అంకెలా మెలివేస్తే మర తిరుగుడు మారేది, ఫలితం అటువంటిదే.

మా కారులో వీపుతో తిరగవలసిన పంపు గిలకకు బెల్టును అవతలి పక్క నుండి పోనిచ్చారు. ఆల్టర్నేటరు సవ్యంగానే తిరుగుతున్నందున బ్యాటరీ దీపం వెలగలేదు. వెనక్కి తిరిగే పంపు నీటిని బొత్తిగా కదపకపోదు, చాలినంత కదపదు. కనుకనే ఊళ్లో బయటపడని తప్పు హైవే మీద బయటపడింది.

ఇంజను చల్లారిన తరువాత అతను బ్యాటరీ నెగటివు తీగ విప్పాడు. బెల్టును తాకక ముందే అట్టముక్క మీద ఉన్న దారిని, ఉండవలసిన దారిని రెండు బొమ్మలుగా గీశాడు. పానాతో టెన్షనరును తిప్పి పట్టి, బెల్టును సరైన దారిన ఎక్కించి, మెల్లగా వదిలాడు. ప్రతి గట్టూ తన గాడిలో కూర్చున్నదీ లేనిదీ వేలితో తడిమి చూశాడు. అరగంట పని.

మొదట బెల్టు వేసిన వానిని నేను పూర్తిగా తప్పుపట్టలేను. విప్పే ముందు బొమ్మ గీసుకోకపోవడం అతని తప్పే. కాని బానెట్టు కింద దారి చూపే అట్ట ఎప్పుడో ఊడిపోయింది. కారుతో వచ్చిన లావుపాటి ఆంగ్ల పుస్తకంలో సీటు బెల్టును గురించి పుటలకు పుటలున్నవి, ఇంజను బెల్టు దారి బొమ్మ ఒక్కటి లేదు! కారు కొనండని చెప్పే ప్రకటనకు తెలుగు పనికివస్తుంది, దానిని బాగుచేసే పద్ధతి చెప్పడానికి పనికిరాదా? కారుకొక కాగితం చాలు: దారి బొమ్మ, పది తెలుగు వాక్యాలు. కీచుమంటే సబ్బు రాయవద్దని అందులో ఉండాలి. నేటి ఇ.పి.డి.ఎం. రబ్బరు బెల్టులు నెర్రెలు చూపకుండానే గట్లు అరిగిపోతాయి గనుక, నెర్రెలు లేవని నమ్మవద్దనీ ఉండాలి.

అయితే ఆ తెలుగు మావంటి పండితుల తెలుగు కారాదు. ఇంటికి వచ్చి ఉత్సాహంగా నేనొక కాగితం వ్రాసి, 'జలోత్సారకము', 'బిగుతుదారి' అని పెట్టి, ఆ మెకానిక్కుకే ఫోనులో చదివి వినిపించాను. మర్యాదస్తుడు, నవ్వు ఆపుకొని, "వాటరు పంపు, టెన్షనరు అనండి బాబాయిగారూ, అందరికీ తెలుస్తుంది" అన్నాడు. 'గిలక' నైనా ఉంచమంటే, అది నూతిది కదా అన్నాడు. కాగితంలో పుల్లీ అని దిద్దుకున్నాను. ఈ వ్యాసంలో మాత్రం పంతం కొద్దీ గిలక అనే వ్రాశాను, మన్నించండి.

బెల్టు మీది గట్టుకు మీ ఊరి షెడ్డుల్లో ఏమంటారో తెలిసినవారు దయచేసి వ్రాయండి. నా కాగితంలో ఆ చోటు ఇంకా ఖాళీగానే ఉన్నది.