మన రాత మన చేతిలోనే ఉండాలి

— బి.ఎస్సీ. ద్వితీయ సంవత్సరం విద్యార్థి

చదివినది మరచిపోవడం మానవ సహజం. అందుకే మనిషి రాత కనిపెట్టాడు. తాటాకు, కాగితం, అచ్చు ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి. ఇప్పుడు కంప్యూటరూ సెల్‌ఫోనూ వచ్చి రాసుకోవడాన్ని మరీ సులువు చేశాయి. బాగానే ఉంది. కాని రాసుకున్నది మన దగ్గర నిలుస్తోందా? కావలసినప్పుడు దొరుకుతోందా? ఈ రెండు ప్రశ్నలను తోటి విద్యార్థుల ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మన తరగతి గది సంగతే చూద్దాం. లెక్చరర్ గారు బోర్డు నింపగానే పది ఫోన్లు పైకి లేస్తాయి. ఫొటో తీశాం గనుక పాఠం వచ్చేసినట్టే అనుకుంటాం. సెమిస్టరు చివర వెతకబోతే ఆ బోర్డు పెళ్లి ఫొటోలకీ పండగ ఫొటోలకీ మధ్య ఎక్కడో ఉంటుంది. ఇక నోట్సు కోసమే ఉన్న యాప్‌లు మరో రకం. మా మిత్రుడొకడు ఇంటర్ నుంచి రాసుకున్నదంతా అలాంటి ఒకదానిలో దాచుకున్నాడు. నిరుడు ఊడుపుల రోజుల్లో ఫోను గట్టు మీంచి మడిలో పడింది. కొత్త ఫోనులో తెరవబోతే, పాత నంబరుకి ఓటీపీ పంపించామంది. రీచార్జి లేక ఆ నంబరు ఎప్పుడో పోయింది. వాడి రెండేళ్ల రాత ఎక్కడో భద్రంగానే ఉంది, రాసినవాడికి మాత్రం అందదు. ధాన్యం మనదీ, తాళంచెవి ఇంకొకరిదీ అయితే ఆ గాదె ఎవరిదనుకోవాలి?

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. విద్యార్థి నోట్సు సాదా టెక్స్ట్ ఫైళ్లలో ఉండాలి. అవి తన సొంత డిస్కులో ఉండాలి. వాటిని వికీ పద్ధతిలో ఒకదానితో ఒకటి ముడివేసుకోవాలి.

సాదా టెక్స్ట్ అంటే అలంకారాలేవీ లేని ఉత్త అక్షరాల ఫైలు. ఏ కంప్యూటరులోనైనా నోట్‌ప్యాడ్ లాంటి దానితో తెరుచుకుంటుంది. ఇది చిన్న విషయం కాదు. తెలుగువాళ్లకి ఇందులో చేదు అనుభవం ఉంది. 1990ల నుంచి డీటీపీ సెంటర్లలో, పత్రికాఫీసుల్లో ఎవరి ఫాంటు వారిదిగా తెలుగు టైపు చేశారు. ఆ ఫాంటు లేని కంప్యూటరులో ఆ ఫైలు తెరిస్తే తెలుగు కనబడదు, అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కనబడతాయి. యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటు దొరికినా అది వాడుకలోకి రావడానికి చాలా ఏళ్లు పట్టింది. ఈలోగా పాత ఫాంట్లలో ఎంత తెలుగు చిక్కుకుపోయిందో! యూనికోడ్‌లో రాసిన సాదా ఫైలుకి ఆ బాధ లేదు.

ఇక వికీ. 1995లో అమెరికాలో వార్డ్ కన్నింగ్‌హామ్ అనే ప్రోగ్రామరు, చదివేవారే దిద్దగలిగే పేజీల పద్ధతి ఒకటి తయారుచేశాడు. హొనొలులు విమానాశ్రయంలో నడిచే బస్సు పేరు దానికి పెట్టాడు. హవాయి భాషలో వికీ వికీ అంటే గబగబా అని. ఆ పద్ధతి మీదే 2001లో వికీపీడియా, 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలయ్యాయి. పదిమంది కలిసి రాసే ఆ పద్ధతిని ఒక్కరే తమ కోసం వాడుకుంటే అది సొంత వికీ. 2004లో జెరెమీ రస్టన్ తయారుచేసిన టిడ్లీవికీలో మొత్తం నోట్సు ఒకే ఫైలుగా బ్రౌజరులో తెరుచుకుంటుంది. జిమ్ అనే మరో ఉచిత సాఫ్ట్‌వేరులో ఒక్కో పేజీ ఒక్కో టెక్స్ట్ ఫైలు. నేను వాడేది ఇదే. దీనికి ఇంటర్నెట్ అక్కర్లేదు. పేజీలో ఒక మాటని జంట చదరపు బ్రాకెట్లలో పెడితే అది ఇంకో పేజీకి తలుపవుతుంది. ఆ పేజీ లేకపోతే అప్పుడే మొదలుపెట్టి రాసుకోవచ్చు. ఈ పేజీకి ఏయే పేజీల నుంచి దారులున్నాయో కూడా చూపిస్తుంది. రేపు జిమ్ మాయమైపోయినా ఫైళ్లు మన దగ్గరే ఉంటాయి.

దీని వల్ల ఏమి ఒరుగుతుందంటారా? మాంగనీసునే తీసుకోండి. కెమిస్ట్రీలో దాని ఆక్సీకరణ స్థితులు, పర్మాంగనేట్‌లో +7 అని చదువుతాం. బోటనీలో, ఆకులో నీటిని విడగొట్టి ఆక్సిజన్ విడుదల చేసే చోట నాలుగు మాంగనీసు పరమాణువులు ఉంటాయని చదువుతాం. భూగర్భ శాస్త్రంలో కోడురైట్ అనే శిల ఉంది. భారతదేశపు మాంగనీసు నిక్షేపాల మీద 1909లో పెద్ద గ్రంథం వెలువరించిన ఫెర్మర్ ఆ పేరు పెట్టింది మన కోడూరుని బట్టే. దేశంలో మాంగనీసు తవ్వకం తొలిగా 1892లో మొదలయింది మన విజయనగరం ప్రాంతంలోనే. ఆ ఖనిజం ఉండబట్టే 1950లలో గరివిడిలో ఫెర్రో అల్లాయిస్ కర్మాగారం వెలిసింది. ఇవన్నీ నాలుగు నోటుపుస్తకాల్లో నాలుగు చోట్ల ఉంటే నాలుగు మార్కుల ప్రశ్నలు. ‘మాంగనీసు’ అనే ఒక్క పేజీ నుంచి అన్నింటికీ దారులు వేస్తే, పరీక్షలో రాసేదీ మన కాళ్ల కింద ఉన్నదీ ఒకటేనని తెలుస్తుంది. చదువంటే అది కాదా?

రైతుబిడ్డగా ఇంకో మాట. మా నాయన సేద్యం లెక్కంతా గోడ క్యాలెండరు మీద ఉంటుంది. విత్తిన రోజు, మందు కొట్టిన రోజు, కూలీల డబ్బులు అన్నీ దాని మీదే. ఏడాది తిరిగితే ఆ క్యాలెండరు అటకెక్కుతుంది, ఆ తర్వాత పొయ్యిలోకి పోతుంది. 2018లో మన దేశంలో తొలిసారి కర్ణాటకలో బయటపడిన కత్తెర పురుగు ఇప్పుడు మా మొక్కజొన్నకీ కొత్త కాదు. తల మీద తిరగేసిన ‘వై’ గుర్తు, తోక దగ్గర చతురస్రంగా నాలుగు చుక్కలు, ఇదంతా నా జువాలజీ పేజీలో ఉంది. విత్తిన ఎన్నో రోజున సుడిలో కనబడింది, ఏ మందు కొట్టాం, ఎంత ఖర్చయింది అన్నది మా పొలం పేజీలో ఉంది. రెండింటికీ దారి వేశాను. “ఏటిరా ఆ పెట్టెలో రాస్తన్నావు?” అన్న మా నాయన, నిరుటి తేదీ చూపించాక “అయితే ఈ యేడు ముందే సూసుకోవాల” అన్నాడు. ఏ పుస్తకంలోనూ లేని ఆ తేదీ ఈ ఇంటి విజ్ఞానం. దాన్ని పోగొట్టుకోవడం నష్టం కాదా?

మన ప్రాంతంలోనే దీనికి గొప్ప ఆదర్శం ఉంది. గిడుగు రామమూర్తి గారు సవరల నోటి మాటలను విని, నేర్చుకుని, దశాబ్దాల పాటు రాసిపెట్టారు. 1938లో అది సవర నిఘంటువై అచ్చయింది. రాత లేనివారి దగ్గర విజ్ఞానం లేదనుకునే రోజుల్లో ఆయన చేసిన పని అది.

దీనికి అభ్యంతరాలు లేకపోలేదు. పరీక్ష చేత్తోనే రాయాలి గదా అంటారు. నిజమే. అందుకే తరగతిలో కాగితం మీదే రాసుకుందాం. సాయంత్రం దాని సారాన్ని సొంత మాటల్లో వికీలో ఎక్కిస్తే రెండోసారి చదివినట్టవుతుంది. అందరికీ కంప్యూటరు ఎక్కడిది అంటారు. ల్యాబ్ ఉంది, పెన్‌డ్రైవ్ ఉంది. యూనికోడ్‌లో ఒక తెలుగు అక్షర సంకేతానికి సాధారణంగా మూడు బైట్లు. రెండు వేల సంకేతాల పేజీ ఆరు కిలోబైట్లు, అయిదు వందల పేజీలు మూడు మెగాబైట్లు. అంటే రెండేళ్ల చదువు ఒకటి రెండు ఫోన్ ఫొటోలంత! డిస్కు చెడితే గతేమిటి అంటే, రెండో నకలు వేరే చోట ఉంచుకోవడమే మార్గం. విత్తనాలన్నీ ఒకే కుండలో ఏ రైతూ పెట్టడు. పేజీలు సర్దుకోవడంలోనే పొద్దు గడిచిపోతుందనే మాటని మాత్రం ఒప్పుకుంటాను. సాధనం మోజులో పడి చదువు మానేవాడిని ఏ సాఫ్ట్‌వేరూ కాపాడలేదు.

కనుక విద్యార్థి సంఘానికి నా మనవి రెండే రెండు. అధ్యాపకుల అనుమతితో ల్యాబ్ కంప్యూటర్లలో ఇలాంటి ఉచిత సాఫ్ట్‌వేరు పెట్టించి, మొదటి సంవత్సరం వారికి ఒక గంట నేర్పించాలి. చివరి సంవత్సరం వారు వెళ్లేటప్పుడు తాము ఇవ్వదలచిన పేజీలను పేరూ తేదీ వేసి విభాగానికి ఒక నకలు ఇచ్చి వెళ్లాలి. ఏటేటా సీనియర్ల నోట్సు కిలోల లెక్కన పాతకాగితాల వాడికి పోతోంది. మన ఇళ్లల్లో చాలామందికి డిగ్రీ గడప తొక్కిన మొదటి మనిషి మనమే. అడగడానికి ఇంట్లో అన్నలేదు, అక్కలేదు. అలాంటివాడికి ముందు నడిచినవాడు వదిలిన పది పేజీలు ట్యూషను కంటే ఎక్కువ.

మిత్రులారా! నుదుటి రాత సంగతి పెద్దలు చూసుకుంటారు. చేతి రాతనైనా మన చేతిలో ఉంచుకుందాం. ఈ సెలవుల్లోనే ఒక్క పేజీతో మొదలుపెట్టండి.