ఆడపిల్లకు అడవి చదువా?

"అడవులల్ల తిరిగెటి సదువు ఆడపిల్లకెందుకే?" అంది మా అత్తమ్మ. మా ఆయన అంత మాట అనలేదు గానీ, "దానికి ఉద్యోగం ఏమొస్తుంది?" అని పేపరు మడిచి పక్కన పెట్టారు. ఈ ఏడాది ఇంటర్ బైపీసీ పూర్తి చేసిన మా అమ్మాయి మాత్రం, డాక్టరు సీటు రాలేదన్న దిగులు రెండు రోజుల్లో దులిపేసుకుని, ఫారెస్ట్రీ చదువుతానని పట్టు పట్టింది. అది కాకపోతే పర్యావరణం, అదీ కాకపోతే సోషల్ వర్క్ అట. నర్సింగ్, ఫార్మసీ అంటూ పక్కింటివాళ్ళు ఇచ్చిన సలహాలన్నీ వంటింటి గట్టు మీదే ఉండిపోయాయి.

నేనూ వెంటనే ఔనలేదు. ఎందుకనలేదా అని ఆలోచిస్తే నా డిగ్రీ రోజులు గుర్తుకొచ్చాయి. నేను నల్గొండలో బి.ఏ.లో చేరింది 2004లో. సరిగ్గా అప్పుడే 'పర్యావరణ అధ్యయనం' అనే పేపరు అందరికీ తప్పనిసరి అయింది. ఆర్ట్సు వాళ్ళకీ, కామర్సు వాళ్ళకీ కూడా. అందులో ఒక భాగం ఫీల్డ్ వర్క్. అంటే ఒక చెరువుకో, గుట్టకో వెళ్ళి చూసి రాయాలి. మా కాలేజీలో మగపిల్లలు సైకిళ్ళేసుకుని పానగల్లు ఉదయ సముద్రం దాకా పోయొచ్చారు. "మీరు గైడు చూసి రాయండమ్మా, మార్కులు వేస్తాం" అన్నారు మమ్మల్ని. నేను చెరువు బొమ్మ రంగు పెన్సిళ్ళతో గీశాను. కొంగలు కూడా వేశాను. ఊరి పక్కనున్న చెరువుని చూడకుండానే రాసిన ఆ రికార్డుకి మంచి మార్కులే వచ్చాయి. సిగ్గుపడాలని కూడా అప్పుడు తెలియదు.

ఆ పేపరు ఎవరో సరదాకి పెట్టింది కాదు. ఎం.సి. మెహతా అనే న్యాయవాది వేసిన కేసులో 1991లో సుప్రీంకోర్టు, చదువుల్లో పర్యావరణాన్ని తప్పనిసరి చేయాలని చెప్పింది. అది మా క్లాసుగదుల దాకా రావడానికి పన్నెండేళ్ళు దాటింది. యూజీసీ తయారుచేసిన పాఠ్యప్రణాళికలో మొత్తం యాభై పీరియడ్లు, అందులో ఫీల్డ్ వర్క్‌కి ఐదు. నూటికి పాతిక మార్కులు దానివే. ఆ ఐదు పీరియడ్లే అసలు చదువని నాకు ఇప్పుడనిపిస్తుంది. మిగతా నలభై ఐదూ గైడులో ఉంటాయి. జాతీయ విద్యా విధానం వచ్చాక 2023లో యూజీసీ మళ్ళీ కొత్త మార్గదర్శకాలిచ్చింది, డిగ్రీ పిల్లలందరికీ కనీసం నాలుగు క్రెడిట్ల పర్యావరణ విద్య ఉండాలంది. బాగానే ఉంది. కానీ కాగితం మీది క్రెడిట్ కాలేజీ గేటు దాటుతుందా లేదా అన్నది ఆ కాలేజీవాళ్ళ మీదా, మన ఇళ్ళ మీదా ఆధారపడి ఉంది. ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో.

గేటు దాటితే ఏమవుతుందో 2025లో హైదరాబాద్‌లో చూశాం. మార్చి చివర కంచ గచ్చిబౌలిలో నాలుగు వందల ఎకరాల్లోకి బుల్‌డోజర్లు దిగాయి. ఆ భూమి ప్రభుత్వానిదా, సెంట్రల్ యూనివర్సిటీదా అన్న వాదన పాతదే. చెట్లు కూలుతుంటే విద్యార్థులు అడ్డం నిలబడ్డారు, అరెస్టులయ్యాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులన్నీ ఆపేయమంది. టీవీల్లో మనకు కనపడింది నినాదాలూ, తోపులాటలే. మా అమ్మాయి నాకు చూపించింది వేరే సంగతి. ఆ క్యాంపస్‌లో పిల్లలు ఏళ్ళ తరబడి పొద్దున్నే లేచి తిరిగి, ఏ పిట్ట ఎక్కడ కనపడిందో, ఏ మొక్క ఎప్పుడు పూసిందో రాసుకున్నారట. రెండొందలకు పైగా పక్షిజాతుల లెక్క అలా తేలింది. "ఇది ఉత్త బంజరు" అని ఎవరైనా అంటే "కాదు, ఇదిగో" అని చూపడానికి చేతిలో ఏదో ఒకటి ఉందంటే, ఆ తిరుగుడు వల్లే. నేనైతే నా రంగు పెన్సిళ్ళ కొంగల్ని చూపించాల్సి వచ్చేది.

ఇక ఎక్కడ చదవాలన్న విషయం. ఇన్నాళ్ళూ 'చదువు' అంటే నాలుగు పేర్లే తెలిసిన నాకు, వెతుకుతుంటే కొత్త లోకంలా అనిపించింది. మనకు దగ్గర్లో ములుగులో అటవీ కళాశాల ఉంది. సమ్మక్క సారలమ్మల ములుగు కాదు, సిద్దిపేట జిల్లా ములుగు (నేనూ మొదట పొరబడ్డాను, బస్సు ఎటు ఎక్కాలో అని మా ఆయనతో వాదించాను కూడా). 2016లో పెట్టిన ఆ కాలేజీలో బి.ఎస్సీ. ఫారెస్ట్రీ నాలుగేళ్ళు. ఎప్‌సెట్ ర్యాంకుతో చేరాలి. చెట్ల పెంపకం, నేల, వన్యప్రాణులు, అడవి మీద బతికే జనం, అన్నీ చదువులో భాగమే. అడవి శాఖలో ఆడవాళ్ళా అని ఎవరైనా నోరు నొక్కుకుంటే, 1980లోనే ఇండియన్ ఫారెస్ట్ సర్వీసులోకి ఆడవాళ్ళు వచ్చారనీ, ఆ మొదటివాళ్ళలో సి.ఎస్. రామలక్ష్మి గారు అప్పటి మన ఆంధ్రప్రదేశ్‌కే ఆఫీసరుగా వచ్చారనీ చెప్పండి. అత్తమ్మకి నేనదే చెప్పాను. "ఆమె ఆఫీసరు, జీపుల తిరిగిందేమో" అంది. జవాబు దొరకలేదు.

బెంగళూరులో అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయంలో పర్యావరణ శాస్త్రం, సుస్థిరత అని డిగ్రీ ఉంది. ప్రైవేటుదే గానీ ఇంటి ఆదాయాన్ని బట్టి ఫీజులో కొంతో, మొత్తమో తగ్గిస్తారు. ఈ సంగతి తెలియక ఫీజు అంకె చూసి వెనక్కి తగ్గేవాళ్ళుంటారని రాస్తున్నాను. పేదరికం, కులం, ఆడవాళ్ళ హక్కులు, వీటి మీద పని చేయాలనుకునేవాళ్ళకి బి.ఎస్.డబ్ల్యు. ఉంది. ఇగ్నోలో దూరవిద్యగా కూడా చదవచ్చు, అందులోనూ ఫీల్డ్ వర్క్ తప్పదు. పెళ్ళయి చదువు ఆగిపోయిన నా స్నేహితురాళ్ళు ఈ వాక్యం ఇంకోసారి చదువుకోవాలి.

ఆరుబయట నేర్పడమే చదువుగా ఉన్న డిగ్రీలు కొన్ని దేశాల్లో ఉన్నాయి. ఇంగ్లండులో సరస్సుల సీమగా పేరున్న చోట ఆంబుల్‌సైడ్ అనే చిన్న ఊళ్ళో కంబ్రియా విశ్వవిద్యాలయం క్యాంపస్ ఉంది. కొండలెక్కడం, పడవ నడపడం, పిల్లల్ని బయటికి తీసుకెళ్ళి పాఠం చెప్పడం అక్కడ చదువే. ఆ ఊళ్ళో ఈ సంగతికి వేరు వేసింది ఒక ఆడమనిషి. షార్లెట్ మేసన్ అనే ఆవిడ 1892లో అక్కడ పంతులమ్మల శిక్షణ పాఠశాల పెట్టింది. పిల్లలు రోజూ గంటల తరబడి ఆరుబయట గడపాలనీ, చూసినవి పుస్తకంలో రాసుకోవాలనీ ఆవిడ పట్టుదల. మన దగ్గర ఈ చదువు డిగ్రీ కంటే శిక్షణ రూపంలోనే ఎక్కువగా దొరుకుతుంది. డార్జిలింగ్‌లో 1954లోనూ, ఉత్తరకాశీలో 1965లోనూ పెట్టిన పర్వతారోహణ సంస్థల్లో నెల రోజుల లోపు మొదటి కోర్సు ఉంటుంది. బచేంద్రి పాల్ అలా ఉత్తరకాశీలో నేర్చుకున్నావిడే. ఎం.ఏ., బి.ఎడ్. చదివినా సరైన ఉద్యోగం దొరకని ఆ అమ్మాయి 1984లో ఎవరెస్టు ఎక్కింది. ఆ తర్వాత జంషెడ్‌పూర్‌లో టాటా స్టీల్ వాళ్ళ సాహస శిక్షణ సంస్థని ఏళ్ళ తరబడి నడిపింది. 'ఉద్యోగం ఏమొస్తుంది' అన్న ప్రశ్నకి ఇదొక జవాబు. అందరికీ దొరికే జవాబని నేననను.

అంత దూరం ఎందుకు, మన నిజామాబాద్ జిల్లా పాకాల తండా పిల్ల మాలావత్ పూర్ణ ఉంది. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతూ, భువనగిరి గుట్ట మీద తాడు పట్టుకోవడం నేర్చి, 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు. నేను హైదరాబాద్ పోయేటప్పుడు ఆ గుట్ట బస్సు కిటికీలోంచి ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు, ఒక్కసారీ దిగలేదు. ఆ తండా పిల్లకి ఆ తలుపు తెరిచింది సర్కారు బడి. ఫీజులు కట్టి మనం పంపే కాలేజీల్లో గ్రౌండే ఉండదు!

పర్యావరణమంటే చెట్లూ పిట్టలే అనుకుంటే సగమే. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ దగ్గర వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి పీల్చి పన్నెండుమంది పోయారు. పోయింది ఫ్యాక్టరీ గోడని ఆనుకుని బతికేవాళ్ళు. దాని లాభాలు తిన్నవాళ్ళెవరూ ఆ వీధిలో లేరు. మా జిల్లా సంగతే చూడండి. మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్ళు తాగి తరాలకి తరాలు ఎముకలు వంగిపోయాయి. సొమ్మున్నవాళ్ళు మంచినీళ్ళు కొనుక్కున్నారు, ఊళ్ళు మారారు. బోరింగు కొట్టి బిందె మోసినవాళ్ళు అవే నీళ్ళు తాగారు. ఎవరి నీళ్ళల్లో ఏముంది, అది ఎవరికి ముందు తెలిసింది, మంచినీళ్ళు ఎవరికి చివర అందాయి, ఇవన్నీ ఈ చదువులో వచ్చే ప్రశ్నలే.

కోర్సులు లేక కాదు మన పిల్లలు ఆగిపోయేది. మగపిల్లాడు 'ఫీల్డ్ ట్రిప్' అంటే మనం చెప్పులు తీసిస్తాం. ఆడపిల్ల అంటే "ఎవరెవరు వస్తున్నారు, రాత్రి ఎక్కడుంటారు" అంటాం. ఆ ప్రశ్న తప్పని నేననను, నేనే అడిగాను. కానీ ఆ ప్రశ్న పిల్లని ఆపడానికి కాదు, కాలేజీని అడగడానికి వాడాలి. వెంట లేడీ లెక్చరర్ వస్తారా? ఉండే చోట బాత్రూములున్నాయా? నెలసరి రోజుల్లో ఇబ్బంది అయితే ఏం చేస్తారు? ఫిర్యాదు ఎవరికి చెప్పాలి? ఇవి అడిగితే కాలేజీలు వినక తప్పదు. "గైడు చూసి రాయండమ్మా" అన్న మాటకి మా అమ్మ ఒక్కసారి కాలేజీకొచ్చి ఎందుకని అడిగి ఉంటే బాగుండేది. పాపం, ఆమె కాలేజీ గడప తొక్కింది నన్ను చేర్పించిన రోజే.

పోయిన వారం రాత్రి అన్నాలు తిన్నాక మళ్ళీ ఇదే మాటొచ్చింది. మా అత్తమ్మ పుట్టిల్లు మర్రిగూడ వైపే. నడుము నిటారుగా నిలవక పదేళ్ళయింది. మా అమ్మాయి నీళ్ళ పరీక్ష ఎలా చేస్తారో చెబుతుంటే విని విని, "మా కాలంల గిది చెప్పెటోళ్ళు ఒక్కరన్నా లేకపాయె బిడ్డా" అంది. అంతకు మించి ఏమీ అనలేదు, అడవి మాట ఎత్తలేదు.

మా ఆయన ఇంకా సరేననలేదు. ములుగు పోయి ఆ హాస్టలు కళ్ళతో చూశాకే మాట అన్నారు. ఆదివారం పొద్దున బస్సుకి ముగ్గురం బయల్దేరుతున్నాం. అడగాల్సిన ప్రశ్నలు కాగితం మీద రాసి పెట్టుకున్నాను.