గండి పూడ్చకుండా నీళ్లు వదిలితే?

మొన్న సంక్రాంతికి అమలాపురం వెళ్లాను. మావయ్య ఆటోమేటిక్ కారు 'డి'లో పెట్టాక రెండు మూడు సెకన్లు ఆగితే గానీ కదలట్లేదు. కింద పరిచిన పేపరు మీద ఎర్రటి చుక్కలు. సిటీలో ఓ గ్యారేజీవాళ్లు గేజ్ పెట్టి చూడకుండానే "గేర్‌బాక్స్ మార్చాలండి" అనేశారట.

ఇక్కడి మెకానిక్ ముందు అడుగంతా శుభ్రంగా తుడిచి, బండి తిప్పుకొచ్చి చూశాడు. పాన్ గాస్కెట్ దగ్గర కారుతోంది. అది మార్చి, కంపెనీ చెప్పిన ఏటీఎఫ్ సరిపడా పోశాడు. అంతటితో పంపెయ్యలేదు. టెస్ట్ పోర్టుకి గేజ్ బిగించి, ఇంజిన్ వేడెక్కాక 'డి'లోనూ 'ఆర్'లోనూ ప్రెషర్ చూసి మాన్యువల్‌తో పోల్చాడు. అన్నిట్లోనూ తక్కువుంటే పంపునో, ఫిల్టర్‌నో, రెగ్యులేటర్ వాల్వ్‌నో అనుమానించాలి. ఒక్కదాంట్లోనే తక్కువైతే ఆ క్లచ్ సీలు లోపల లీకవుతూ ఉండొచ్చు. మావయ్య కారుకి రెండిట్లోనూ సరిపోయింది.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచీ కోనసీమది కాలవల బతుకే. గట్టుకి గండి పడితే శివారు చేలకి నీరందదు. గండి పూడ్చకుండా నీళ్లు ఎక్కువ వదిలితే ఏం లాభం? లీకు వదిలేసి ఆయిల్ టాపప్ చేసుకుంటూ తిరగడమూ అంతే. ప్రెషర్ పడిపోతే క్లచ్‌లు జారతాయి, వేడెక్కి కాలిపోతాయి. అప్పుడు నిజంగానే బాక్స్ మార్చాలి.

పాస్కల్ సూత్రం పరీక్షల్లో రాశాం. గేజ్ చేత్తో పట్టుకున్నవాళ్లం ఎంతమందిమి? మన ల్యాబులో ఓ పాత గేర్‌బాక్స్, ఓ గేజ్ పెట్టించమని అడుగుదాం. కొలవకుండా మార్చెయ్యమనడానికి ఇంజినీరింగ్ చదవక్కర్లేదు కదా!