నూటమూడు గొప్పా, నూరు గొప్పా?

మార్కులు వెయ్యడం నా వృత్తి. ఇరవై ఏళ్ళుగా కాలేజీలో తెలుగు చెబుతూ, పేపర్లు దిద్దుతూ ఉన్నవాణ్ణి గనక, పక్కన ఏ అంకె కనిపించినా దాన్నిబట్టే విలువ కట్టేస్తాను. 90 అంటే గొప్ప, 30 అంటే తక్కువ. ఈ అలవాటు క్లాసులో ఎంత పనికొస్తుందో గాని, ఆస్పత్రిలో మాత్రం ఒకరి కొంప ముంచబోయింది.

మొన్న వానాకాలంలో మా చిన్నమ్మాయికి జ్వరం వచ్చింది. దానికి రెండున్నరేళ్ళు. థర్మామీటరు పెడితే 103. మా అమ్మ దుప్పటి కప్పింది. మా ఆవిడ చన్నీళ్ళలో గుడ్డ తడిపింది. నేను "లంఖణం పరమౌషధం" అని, ఆ మాట అసలు 'లంఘనం' అని కూడా సెలవిచ్చాను. చివరికి ముగ్గురం కలిసి పిల్లను ఆస్పత్రికి చేర్చాం.

"నూటమూడండీ!" అన్నాను. నర్సమ్మ కంగారు పడలేదు. ముందు ఆ దుప్పటి తీసేసింది. గడియారం చూస్తూ నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టింది. రొమ్ము మీద వేలితో నొక్కి వదిలి, తెల్లబడ్డ చోట రంగు ఎంతసేపట్లో తిరిగి వస్తుందో చూసింది. రెండు మూడు సెకండ్లలో వస్తే మంచిదట. "నీళ్ళు తాగుతోందా? ఒంటికి ఎన్నిసార్లు వెళ్ళింది?" అని అడిగింది. డాక్టరుగారు వచ్చి మెడ వంచి, చెవులూ గొంతూ చూశారు. తూకం వేస్తే పిల్ల 12 కిలోలు. కిలోకి 15 మిల్లీగ్రాముల లెక్కన 180 మిల్లీగ్రాముల పారాసెటమాల్ పోసి, కూర్చోమన్నారు.

పక్క మంచం మీద రెండు నెలల పసిగుడ్డు. తల్లిదండ్రులు పల్లెటూరి కుర్రవాళ్ళు. వాడికి 100.8. ఆ మాత్రానికే రక్తం తీస్తున్నారు, మూత్రం పడుతున్నారు, వెన్నునుంచి నీరు తియ్యాలి, వార్డులో చేర్చాలి అంటున్నారు. ఆ తండ్రి నా దగ్గరికి వచ్చాడు.

"మేష్టారూ, తమరు చదువుకున్నవారు. ఈ కాస్త జ్వరానికి పసివాడి వెన్నులో సూది గుచ్చుతారాండీ?"

"మా అమ్మాయికి 103 ఉంటేనే కూర్చోబెట్టారు. నూరుకి ఇంత హడావిడి ఏమిటయ్యా!" అన్నాను.

అంతే. అతను వెళ్ళి భార్యతో ఏదో చెప్పాడు. ఆమె బిడ్డను గుడ్డలో చుట్టుకుని లేచింది.

గుమ్మం దగ్గర నర్సమ్మ అడ్డుపడింది. "మూడు నెలలు నిండని బిడ్డకి 100.4 వచ్చిందంటే అది పెద్ద జ్వరమేనమ్మా. ఈ వయసులో జబ్బు రక్తానికీ, మెదడు పొరలకీ పాకుతున్నా పైకి తెలియకపోవచ్చు. ఒక్కోసారి ఆ అంకె ఒక్కటే మనకి దొరికే ఆనవాలు" అంది. తరవాత నావైపు తిరిగి, "మీ పాపను చూడండి మేష్టారూ, నా గడియారం లాక్కుంటోంది" అంది.

నాకు తల కొట్టేసినట్టయింది. వెళ్ళి, "బాబూ, తెలియక అన్నాను. ఉండండి" అని బతిమాలాను. ఉన్నారు. మూడోనాటికి తేలింది: మూత్రంలో సూక్ష్మజీవులు. అప్పటికే ఇంజెక్షన్లు పడుతున్నాయి గనక బిడ్డ తేరుకున్నాడు. ఆ రాత్రి వాళ్ళు నా మాట విని బస్సెక్కి ఉంటే? ఆ తలపు వస్తే ఇప్పటికీ నిద్ర పట్టదు.

ఇక మా అమ్మాయి సంగతి. గంట తరవాత చూస్తే 101.5. "పూర్తిగా దిగలేదండీ" అన్నాను. "మందు పోసింది అంకె దించడానికి కాదు, పిల్ల బాధ తగ్గడానికి" అన్నారు డాక్టరుగారు. ఆయన చెప్పినవి మీకూ అప్పగిస్తున్నాను. దుప్పట్లు కప్పవద్దు. చన్నీళ్ళతో తుడిస్తే వణుకు పుట్టి పిల్ల మరింత బాధపడుతుంది. లంఖణం మాట ఎత్తవద్దు; నీళ్ళు, పాలు, జావ మాటిమాటికీ పట్టాలి. ఆస్పిరిన్ ఇవ్వకూడదు. పారాసెటమాల్ సీసాల్లో ఒక్కోదాని బలం ఒక్కో రకం గనక, చెంచా లెక్కన కాక పిల్ల బరువు లెక్కన డాక్టరుచేత రాయించుకోవాలి. ఆరు నెలలనుంచి అయిదేళ్ళలోపు కొందరికి జ్వరంలో ఫిట్స్ వస్తాయి. అప్పుడు చేతిలో తాళంచెవులు పెట్టకుండా, నోట్లో ఏమీ దూర్చకుండా, పక్కకి తిప్పి పడుకోబెట్టి ఆస్పత్రికి తేవాలి. డొక్కలెగరేస్తున్నా, మత్తుగా పడి ఉన్నా, ఏమీ తాగకపోయినా, గాజుగ్లాసు పెట్టి నొక్కినా పోని మచ్చలు లేచినా, అంకె ఎంతున్నా సరే, క్షణం ఆగవద్దు.

మేము ఇంటికి బయలుదేరుతుంటే ఆ తండ్రి పలకరించాడు. "పాపకి ఇప్పుడు ఎంతుందండీ, మేష్టారూ?"

"అంకె అడక్కు బాబూ, బిస్కత్తు అడుగుతోంది" అన్నాను.