రికార్డు వెనకవైపు పాట

ఆ మధ్య మా శిక్షణా శిబిరం ఆఖరి రోజు సాయంత్రం, అమ్మాయిలంతా కుర్చీలు పక్కకు జరిపి ఒక అమెరికన్ పాట పెట్టుకుని డాన్సు చేశారు. పాట పేరు ‘పుష్ ఇట్’. పాడింది సాల్ట్-ఎన్-పెపా అనే నల్లజాతి స్త్రీల ర్యాప్ బృందం. నాతోపాటు చాలా ఏళ్లుగా పనిచేస్తున్న మిత్రురాలు ఒకామె మధ్యలో లేచి బయటికి వెళ్లిపోయింది. వెనకే వెళితే, “అశ్లీల పోస్టర్ల మీద తారు పూసుకుంటూ ఊరంతా తిరిగింది ఇందుకేనా అక్కా?” అంది. అప్పుడు నాకేమీ తోచలేదు. ఇంటికొచ్చాక ఆ పాట పుట్టుపూర్వోత్తరాలు చదివాను. ఇప్పుడు రాస్తున్నది ఆమెకు జవాబు అనుకోవచ్చు. సగం నాకు నేను చెప్పుకుంటున్నది కూడా.

న్యూయార్క్ లోని క్వీన్స్ ప్రాంతం. షెరిల్ జేమ్స్, సాండ్రా డెంటన్ అనే ఇద్దరు కాలేజీ అమ్మాయిలు సియర్స్ అనే పెద్ద దుకాణంలో ఫోన్లు చేసి అమ్మకాలు సాగించే ఉద్యోగం చేసేవాళ్లు. అక్కడే పనిచేసే హర్బీ అజోర్ అనే కుర్రాడు తన చదువులో భాగంగా ఒక రికార్డు తయారు చేయాల్సి వచ్చి, వీళ్లిద్దరి చేత పాడించాడు. అది 1985. అప్పటికే పేరుపడ్డ ఒక మగవాళ్ల ర్యాప్ పాటకు బదులుగా కట్టిన పాట అది. జేమ్స్ ‘సాల్ట్’ అయింది, డెంటన్ ‘పెపా’ అయింది. 1987లో డీజేగా డిడ్రా రోపర్ చేరింది. ఆమెకు అప్పటికింకా ఇరవై ఏళ్లు కూడా లేవు.

నన్ను ఆపేసిన సంగతి ఒకటుంది. ‘పుష్ ఇట్’ అసలు ముందువైపు పాట కాదు. 1987లో విడుదలైన ఆ రికార్డుకు ముందువైపున ఉన్నది ‘ట్రాంప్’ అనే పాట. ఇంగ్లీషులో ఆ మాటను తిట్టుగా విసిరేది ఎక్కువగా ఆడవాళ్ల మీదనే. వీళ్లు దాన్ని తిప్పి, కనపడిన ప్రతి ఆడపిల్ల వెంటా పడే మగవాడికి అంటగట్టారు. మన దగ్గర మగవాణ్ణి ‘తిరుగుబోతు’ అంటారు, అనేటప్పుడు గొంతులో కాస్త మురిపెం కూడా ఉంటుంది. అదే పని ఆడది చేస్తే వాడే మాటలు ఈ పత్రికలో అచ్చు వేయలేం. అంటే మనలాంటి వాళ్లం మెచ్చుకోదగ్గ పాట, ఉపన్యాసంలో ఉదాహరణగా చెప్పుకోదగ్గ పాట, ముందువైపునే ఉంది. జనం మాత్రం రికార్డు తిరగేశారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో కామెరాన్ పాల్ అనే డీజే వెనకవైపు పాటను కొత్తగా మిక్స్ చేసి రేడియోలో వేశాడు. అక్కణ్ణించి అది ఆగలేదు. అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో 19వ స్థానానికి చేరింది.

మరుసటి సంవత్సరం, 1988 జూన్ 11న, లండన్ వెంబ్లీ స్టేడియంలో నెల్సన్ మండేలా డెబ్భైయవ పుట్టినరోజు సభ జరిగింది. మండేలా అప్పటికింకా జైల్లోనే ఉన్నాడు. ఆ వేదిక మీద వీళ్లు ఈ పాట పాడారు. వర్ణవివక్షకు వ్యతిరేకంగా జరిగిన సభలో డాన్సు పాట ఏమిటని అడిగినవాళ్లు ఉండే ఉంటారు. (మన సభల్లోనూ అడుగుతాం గదా.) ఆ తరువాత కొద్ది వారాలకే బ్రిటన్ పట్టికలో పాట రెండో స్థానానికి ఎక్కింది.

1989లో గ్రామీ అవార్డుల వాళ్లు మొట్టమొదటిసారి ర్యాప్‌ను గుర్తించి ఒక అవార్డు పెట్టారు. పోటీకి నిలిచిన అయిదు పాటల్లో రెండు స్త్రీల బృందాలవి. ఒకటి ‘పుష్ ఇట్’, రెండోది కాలిఫోర్నియా అమ్మాయిల బృందం జె.జె. ఫాడ్ పాడిన ‘సూపర్‌సానిక్’. అది కూడా మొదట వెనకవైపు పాటే! దాని ముందువైపున ఉన్నది తోటి ర్యాప్ గాయనులను తిట్టిపోసే పాట. జనం దాన్ని కూడా తిరగేశారు. అవార్డు పెట్టారు గానీ, దాన్ని అందుకునే దృశ్యం టీవీలో చూపించేది లేదన్నారు. సాల్ట్-ఎన్-పెపా, ఇంకొందరు కళాకారులు ఆ సభకు వెళ్లడం మానేశారు. ఆ సంవత్సరం అవార్డు ఇద్దరు కుర్రాళ్ల పాటకు వచ్చింది. వీళ్లకు గ్రామీ రావడానికి 1995 దాకా పట్టింది, అదీ వేరే పాటకు.

ఇక మా మిత్రురాలి అభ్యంతరం. పాటలో మాటలు చాలా తక్కువ. ఒక కీబోర్డు వరస, ఊపిరి బరువుగా తీస్తున్న చప్పుడు, అంతే. విన్నవాళ్లలో ఎక్కువమంది అది సంభోగం గురించే అనుకున్నారు. కాదు, డాన్సు గురించేనని పాడినవాళ్లు చెబుతూ వచ్చారు. నాకు ఈ తగవు తేల్చాలని లేదు. మన పోస్టర్ల ఉద్యమంలో మనం అడిగింది, స్త్రీ శరీరాన్ని సరుకుగా గోడకు అంటించే హక్కు ఎవడిచ్చాడని. శరీరాన్నే దాచేయమని మనం అడగలేదు. ఆ వీడియోలో అమ్మాయిలు కదిలే తీరు చూడండి. పెద్ద పెద్ద రంగుల తోలు జాకెట్లు తొడుక్కుని, కెమెరా వైపు ఎదురు చూపుతో నిలబడి ఉంటారు. ఇక్కడ నేను మిత్రురాలితో ఏకీభవించను.

అయితే ఆమె అడగని ప్రశ్న ఒకటి నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. ‘పుష్ ఇట్’ రాసింది అజోర్. ‘స్త్రీల గొంతు’ అని లోకం మెచ్చుకున్న పాటలో మాటలు మగవాడివి. రికార్డు నిర్మించింది అతనే, కంపెనీతో ఒప్పందాలు నడిపింది అతని సంస్థే. సాల్ట్‌కు, అతనికి కొంతకాలం ప్రేమ సంబంధం కూడా ఉండేది. వీళ్లిద్దరూ పాడిన ‘హాట్, కూల్ అండ్ విషస్’ ఆల్బం అమెరికాలో పది లక్షల అమ్మకాలు దాటింది, స్త్రీల ర్యాప్ బృందాల్లో ఆ మైలురాయి దాటిన మొదటి ఆల్బం అది. యజమాని, గురువు, ప్రియుడు ఒక్కడే అయినచోట లెక్క అడగడం ఎంత కష్టమో కుటుంబ సలహా కేంద్రాల్లో కూర్చునే మనకు వేరే చెప్పనక్కరలేదు. సాల్ట్ తరువాత తనే రాయడం, తనే నిర్మించడం మొదలుపెట్టింది. 1990 ఆల్బంలోని ‘ఎక్స్‌ప్రెషన్’ అలా ఆమె చేతుల మీదుగా వచ్చినదే. 1992లో లైంగికత మీద తమ పాత పాటనే ఎయిడ్స్ గురించి మాటలు మార్చి మళ్లీ పాడారు. అప్పట్లో మన దగ్గర ఎయిడ్స్ మీద మాట్లాడటానికి ఆరోగ్య కార్యకర్తలు కూడా తల వంచుకునేవాళ్లు, నాతో సహా.

వీళ్లను ఫెమినిస్టులనవచ్చా అని అక్కడా చర్చ జరిగింది. ట్రీషియా రోజ్ 1994లో వచ్చిన ‘బ్లాక్ నాయిస్’ పుస్తకంలో, ర్యాప్ గాయనులు ఆ ముద్రకు వెనకాడటానికి కారణం చెబుతుంది. అది తెల్ల స్త్రీల ఉద్యమం అనీ, తమ జాతి మగవాళ్లకు ఎదురు నిలబెట్టే మాట అనీ వాళ్లకు తోచింది. మన దళిత స్త్రీలు మనల్ని అడిగిన ప్రశ్న కూడా దీనికి దూరం కాదు. 1999లో జోన్ మోర్గన్ ‘హిప్ హాప్ ఫెమినిజం’ అనే మాట తెచ్చింది. పేర్ల సంగతి అంతటితో వదిలేస్తాను.

అమెరికా కాపీరైటు చట్టంలో ఒక వెసులుబాటు ఉంది. హక్కులు రాసిచ్చిన కళాకారులు 35 ఏళ్ల తరువాత వాటిని వెనక్కి అడగవచ్చు. దాన్ని ఆధారం చేసుకుని సాల్ట్, పెపా 2022లో యూనివర్సల్ మ్యూజిక్ గ్రూపుకు నోటీసులిచ్చారు. 2024లో వాళ్ల పాటలు అనేకం అమెరికాలో వినడానికి దొరక్కుండా పోయాయి. 2025 మే నెలలో న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో దావా వేశారు. కంపెనీ వాదన ఇది: 1986 నాటి కాగితాల ప్రకారం హక్కులు రాసిచ్చింది అజోర్ సంస్థ, ఈ స్త్రీలు కాదు, ఎన్నడూ మీవి కాని హక్కులు మీకెలా తిరిగొస్తాయి? గొంతు వాళ్లది, ఊపిరి చప్పుడు వాళ్లది, కాగితం మీద మాత్రం వాళ్లు ఆ గొంతుకు సొంతదారులు కారు. అదే సంవత్సరం నవంబరులో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ వాళ్లు ఈ బృందాన్ని సత్కరించారు. పురస్కారం అందుకుంటూ సాల్ట్ ఈ పోరాటం సంగతే ఎత్తింది.

ఇది చదివాక మా ఆఫీసు బీరువాలో పాత కాసెట్టు వెదికి తీశాను. సారా ఉద్యమం తరువాత మేము వేసిన పాటల కాసెట్టు. నాట్లప్పుడు పాడుకునే వరసలకు ఆడవాళ్లే మాటలు కట్టారు, వాళ్లే పాడారు. అట్ట మీద మా సంస్థ పేరు పెద్దక్షరాల్లో ఉంది, ఆర్థిక సహాయం చేసినవాళ్ల పేరు ఉంది, డోలు వాయించిన తమ్ముడి పేరు కూడా ఉంది. పాడినవాళ్ల దగ్గర ‘బృందగానం’ అని ఉంది. ఆ అట్ట రాసింది నేనే. సమష్టి కృషి, వ్యక్తుల పేర్లెందుకు అని అప్పుడు నేను వాదించినట్టు కూడా గుర్తు. కాసెట్లు అమ్మిన డబ్బు ఆఫీసు అద్దెకు పోయింది. కాగితాల మీద వేలిముద్రలు వేయించుకున్నామా అంటే అదీ లేదు.

మొత్తం ఆరుగురు పాడారు. ఇద్దరి పేర్లు నాకు తెలుసు. ఒకామె చనిపోయింది. ఇంకొకామె కూతురు మొన్నటి శిబిరంలో ఉంది, డాన్సు చేసినవాళ్లలో ముందు వరసలో. మిగతా నలుగురి కోసం ఆమెను, బయటికి వెళ్లిపోయిన మా మిత్రురాలిని వెంటబెట్టుకుని వచ్చే వారం ఊళ్లకు బయలుదేరుతున్నాను.