నూగు వేరు, బూడిద వేరు

ఇంగ్లీషులో 'డౌనీ' అని ఒక మాట ఉంది. గుడ్డులోంచి వచ్చిన బాతుపిల్ల తడి ఆరాక దాని ఒంటి మీద మెత్తటి ఈకలు కనిపిస్తాయి గదా, అలా ఉండేదల్లా వాళ్లకు డౌనీ. మనకూ ఆ మాట ఉంది - నూగు. కుర్రాడికి నూగు మీసాలొచ్చాయంటామే, ఆ నూగే.

దీంతో రైతుకేం పనంటారా? దోస, బీర, కాకర పాదులకొచ్చే 'డౌనీ మిల్డ్యూ'లో ఉన్నది ఈ మాటే. మన బూజు తెగులు అదే. 'పౌడరీ మిల్డ్యూ' అంటే బూడిద తెగులు. పేర్లు దగ్గరగా ఉన్నా రెండింటి మందులు వేరు.

కూచిపూడి పక్క ఊళ్లో ఒక కౌలురైతు మినుముకు బూడిద తెగులొస్తే నీళ్లలో కలిపే గంధకం కొట్టి పంట దక్కించుకున్నాడు. తర్వాత దోసపాదు ఆకుల అడుగున తెల్లగా కనిపిస్తే అదే మందు రెండుసార్లు కొట్టాడు. తెగులు తగ్గలేదు సరిగదా, ఎండలో కొట్టిన గంధకానికి ఆకులూ మాడాయి. అప్పు తెచ్చిన డబ్బు అలా పోయింది.

గుర్తుపట్టడం కష్టమేం కాదు. మంచు పడిన ఉదయం ఆకు తిప్పి చూడండి. పైన ఈనెల మధ్య పలకలుగా పసుపు మచ్చలు, వాటికి సరిగ్గా అడుగున బూడిదరంగు, ఊదారంగు నూగు ఉంటే బూజు తెగులు. పిండి చల్లినట్టుండి, వేలితో రాస్తే అంటుకుంటే బూడిద తెగులు. బూడిదకు గంధకం పనిచేస్తుంది, బూజుకు చేయదు. బూజుకు మెటలాక్సిల్, మాంకోజెబ్ కలిసిన మందు లీటరు నీటికి 2 గ్రాములు కలిపి ఆకు అడుగు తడిసేలా కొట్టాలి. 1885లో ఫ్రాన్సులో మిలార్డే అనే శాస్త్రజ్ఞుడు మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమాన్ని లోకానికి తెలిపింది కూడా ద్రాక్షకు పట్టిన ఈ నూగు కోసమే.

పొట్లం మీద 'డౌనీ మిల్డ్యూ' అని తెలుగు అక్షరాల్లో అచ్చేసినంత మాత్రాన అది తెలుగైపోదు. 'ఆకు అడుగున నూగు - బూజు తెగులు' అని కంటికానే అక్షరాల్లో వేస్తే కంపెనీలకు పోయేదేముంది? మందుల కొట్లలో, రైతు సదస్సుల్లో కూడా ఇలాగే చెప్పాలి.

అప్పటిదాకా మనం చేయగలిగింది ఒకటుంది. కొట్టుకు వెళ్లేటప్పుడు తెగులు పేరు కాదు, తెగులు సోకిన ఆకు పట్టుకెళ్లండి.