గాలికి మోక్షం

సూపర్‌ఛార్జర్ ఉన్న కారు వేడెక్కి బలం తగ్గిందనగానే కుర్రకారు మొట్టమొదట చేసే పని పెద్ద పంపు కొనడం. ఆ తరువాత పెద్ద హీట్ ఎక్స్‌ఛేంజర్ కొనడం. గొట్టాలలో చిక్కుకున్న గాలి సంగతి చిట్టచివరికి గాని గుర్తుకు రాదు. ఈ వరుస తలకిందులని నా అభిప్రాయం. ముందు గాలికి దారి చూపాలి. ఆ దారి మనిషి జ్ఞాపకశక్తిమీద ఆధారపడనిదై ఉండాలి.

ఛందస్సు, వ్యాకరణం చెప్పుకొని బతికినవాడికి కార్ల గొడవ ఎందుకని మిత్రులు అడుగవచ్చు. మా మేనల్లుడు మిషిగన్‌లో ఉంటాడు. వాడి దగ్గర 2003 నాటి ఫోర్డ్ మస్టాంగ్ కోబ్రా ఉంది. ఎనిమిది సిలిండర్లు, 4.6 లీటర్ల ఇంజను, పైన ఈటన్ సూపర్‌ఛార్జరు, మొత్తం 390 హార్స్‌పవర్. ముందు భాగంలో ఉన్న హీట్ ఎక్స్‌ఛేంజర్‌ను మార్చి, బయట దొరికే పెద్దది బిగించాడు. దానికి పైఅంచున గాలి వదిలే చిన్న స్క్రూ ఉంది, బ్లీడర్ అంటారు. "మామయ్యా, ఈ బ్లీడర్ తీసేసి సన్నని ట్యూబు ఒకటి ట్యాంకులోకి వేద్దామనుకుంటున్నాను. చేసినవాడు పెట్టినదాన్ని మార్చవచ్చంటారా?" అని అడిగాడు. మార్చమన్నాను. ఎందుకో చెబుతాను.

గాలిని అదిమితే వేడెక్కుతుంది. సైకిల్‌కు గాలి కొట్టినప్పుడు పంపు అడుగుభాగం కాలడం మనమందరం ఎరిగినదే. 27 డిగ్రీల గాలిని చదరపు అంగుళానికి 8 పౌండ్ల అదనపు పీడనానికి అదిమితే, సూపర్‌ఛార్జర్ సామర్థ్యం 60 శాతమనుకున్నా, దాదాపు 90 డిగ్రీలకు చేరుతుంది. ఆ గాలిని అదే పీడనం దగ్గర 50 డిగ్రీలకు చల్లార్చగలిగితే దాని సాంద్రత సుమారు 12 శాతం పెరుగుతుంది. ఇంజనుకు అంత ఎక్కువ ప్రాణవాయువు అందుతుంది. చల్లార్చలేకపోతే ఇంధనం అదనుకు ముందే భగ్గుమని పిస్టన్లను దెబ్బతీసే ప్రమాదముంది. దాన్ని తప్పించడానికి కారులోని కంప్యూటర్ నిప్పురవ్వను ఆలస్యం చేస్తుంది. బలం తగ్గేది అక్కడే.

ఈ చల్లార్చే పనికి ఇంజను నీటితో సంబంధం లేని వేరే నీటి చుట్టు ఉంటుంది. చిన్న కరెంటు పంపు ఆ నీటిని తిప్పుతుంది. సూపర్‌ఛార్జర్ కిందనున్న ఇంటర్‌కూలర్‌లో నీరు వేడిని తీసుకొని, కారు ముందున్న హీట్ ఎక్స్‌ఛేంజర్‌లో ఎదురుగాలికి అప్పగించి వస్తుంది. ఈ ప్రయాణంలో గాలిబుడగ చేరితే ఏమవుతుందో మన రైతుకు వేరే చెప్పనక్కరలేదు. బావిమీది పంపుసెట్టుకు ఫుట్‌వాల్వు కారిపోతే మోటారు తిరుగుతుంది గాని నీళ్ళు రావు. పంపులో నీళ్ళు పోసి, గాలి వెళ్ళగొట్టి, అప్పుడు స్విచ్చి వేస్తాడు. గాలి నీటికంటే సుమారు 800 రెట్లు తేలిక కనుక ఆ పంపు దాన్ని తోయలేదు. కారులోని చిన్న పంపుదీ అదే జాతి. పైగా గాలి వేడిని మోయడంలో బహు బలహీనం. బుడగ నిలిచిన గొట్టాలు ఉన్నా లేనట్టే. అప్పుడు ఎంత పెద్ద ఎక్స్‌ఛేంజర్ కొన్నా డబ్బు పోసి గాలిని నిలవచేసుకోవడమే అవుతుంది.

ఇక్కడ గమనించవలసినది ఎత్తుపల్లాల లెక్క. ఈ చుట్టులో రెండు శిఖరాలున్నాయి. పెద్దది ఇంజను దగ్గర, చిన్నది ఎక్స్‌ఛేంజర్ పైఅంచున. చిన్న శిఖరంలో చిక్కిన బుడగ తనంతట తాను కిందికి దిగి మళ్ళీ పెద్ద శిఖరం ఎక్కదు. అందుకే అక్కడ స్క్రూ పెట్టారు. ఆలోచన మంచిదే. కాని ఎక్స్‌ఛేంజర్ బిగింపులో కాస్త వాలిందంటే ఎత్తైన మూల ఒకవైపు, స్క్రూ మరొకవైపు అవుతాయి. మా వాడి కారులో జరిగినది అదే. ఇక రెండవది: ఒకసారి గాలి తీసినా నీటిలో కరిగి ఉన్న గాలి వేడికి విడివడి మళ్ళీ అక్కడే చేరుతుంది. స్క్రూ దానంతట అది విప్పుకోదు గదా!

కనుక బిగింపును సరిచేసి, ఎత్తైన మూలనుండి సన్నని ట్యూబును ఎక్కడా కిందికి జారకుండా, పైపైకి ఎక్కేటట్టు, అన్నిటికంటే ఎత్తున ఉన్న ట్యాంకులోకి కలపాలన్నాను. దాని రంధ్రం సన్నగా ఉండాలి; లేకపోతే నీరు ఎక్స్‌ఛేంజర్ గుండా పోకుండా అడ్డదారి పడుతుంది. ట్యాంకు కింద, ట్యూబు మీద అయితే ఫలితం తారుమారు. నీటిమట్టానికి పైన ఉన్న స్క్రూను పంపు ఆపి విప్పినా అంతే. గాలి బయటికి పోవడానికి బదులు లోపలికి వస్తుంది.

ఎదుటి వాదం కూడా వినాలి. అతుకు పెరిగితే కారే చోటు పెరుగుతుంది. నిజమే. అల్యూమినియం మరలు మెత్తన, బలం చూపితే తెగుతాయి. వాక్యూమ్ పెట్టి గాలినంతా ముందే లాగి నీరు నింపే పద్ధతి ఉంది. అది శ్రేష్ఠమే గాని ఆ తరువాత చేరే గాలికి జవాబు చెప్పదు. వేడికి కారణం గాలి కాకనే పోవచ్చు. పంపు చచ్చిపోయి ఉండవచ్చు, ఎక్స్‌ఛేంజర్ రేకుల మధ్య మట్టి పట్టి ఉండవచ్చు. అందుకే విప్పడానికి ముందు, ఇంజను చల్లగా ఉన్నప్పుడు, ట్యాంకు మూత తీసి పంపు నడిపి చూడమన్నాను. ధార నిలకడగా వస్తే ఒక అర్థం, నురగలతో తుళ్ళిపడితే మరొక అర్థం.

ఒక హెచ్చరిక. మిషిగన్ చలికి వట్టి నీరు పనికిరాదు. గడ్డకట్టినప్పుడు సుమారు 9 శాతం ఉబ్బి గొట్టాలను పగలగొడుతుంది. ఇథిలీన్ గ్లైకాల్ సగపాలు కలిపితే సున్నాకు దిగువన 37 డిగ్రీలదాకా భయం లేదు. కాని అది తియ్యని విషం. నేలమీద కారినదాన్ని నాకి కుక్కలు చచ్చిపోతాయి, పసిపిల్లలకూ ప్రాణాపాయమే. బ్లీడర్ విప్పేవాడు కింద పళ్ళెం పెట్టుకోవాలి, చుక్క మిగలకుండా తుడవాలి.

ఇక మాట సంగతి. బ్లీడర్ అంటే నెత్తురు కార్పించేది. మన వైద్యంలో రక్తమోక్షణమన్నారు గనుక దీన్ని వాయుమోక్షణి అందామా అని పండితబుద్ధి ఉవ్విళ్ళూరింది. గాలిమర అందామంటే ఆ మాట విండ్‌మిల్లుకు స్థిరపడిపోయింది. నిజానికి ఈ మాటకోసం నిఘంటువులు వెతకనక్కరలేదు. డీజిల్ ఇంజను స్టార్టు కాకపోతే పొలంలో రైతు "గాలి పట్టింది" అంటాడు, స్క్రూ వదులు చేసి "గాలి తీస్తాడు". పట్టడం, తీయడం: ఈ రెండు క్రియలతో విషయమంతా చెప్పవచ్చు. యంత్రాల గురించి తెలుగులో రాయలేమనేవారు పొలం గట్టుమీద పది నిమిషాలు నిలబడి వినాలి.

చేసినవాడు పెట్టినదాన్ని మార్చరాదనడం భక్తి. మార్చిందల్లా మెరుగనుకోవడం భ్రాంతి. నీటి స్వభావానికి, మనిషి మతిమరుపుకు అనుగుణంగా మార్చినదే మంచి మార్పు. రోజూ ఒకరు గుర్తుంచుకొని విప్పవలసిన మరకంటే, ఎవరూ తలచుకోకపోయినా పనిచేసే సన్నని గొట్టం మేలు.

మీ ప్రాంతంలో ఇంజనుకు గాలి తీసే ఆ స్క్రూను ఏమని పిలుస్తారో రాయగలరు. మంచి మాట దొరికితే వాయుమోక్షణిని నేనే ముందుగా వదిలేస్తాను.